పంతొమ్మిదేళ్లుగా కుడుతున్నా, ఫ్యాక్టరీ మెషిన్ మీద "చేసి చూపించు" అంటున్నారు. ఏం చూస్తారు?

కొర్లగుంట రవికలక్క (మంగళవారం రాత్రి)

నమస్తే అందరికీ. మాది తిరుపతి, కొర్లగుంట. పెళ్లైన ఏడాది నుంచి ఇంట్లోనే రవికలు, లంగాలు, స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను. కాలితో తొక్కే నల్ల మెషిన్. మోటారు పెట్టించుకోమని అందరూ అన్నారు కానీ నాకు తొక్కడమే అలవాటు.

ఈమధ్య మాకు దగ్గర్లోనే ఒక ఉమ్మడి కుట్టు షెడ్డు తెరిచారు. మోటారుతో నడిచే జూకీ ఫ్యాక్టరీ మెషిన్లు ఆరు, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్‌లు రెండు, మందం గుడ్డకు పెద్ద మెషిన్ ఒకటి. గంటకు ముప్పై రూపాయలు కట్టి ఎవరి పని వాళ్లు కుట్టుకోవచ్చు. నాకేమో గుడ్డ సంచుల ఆర్డర్ వచ్చింది, నాలుగు వందలు. కొండ మీద ప్లాస్టిక్ సంచులు ఆపేసిన తర్వాత ఈ పనికి గిరాకీ ఉంది. కానీ నా నల్ల మెషిన్ కింద కాన్వాసు నాలుగు మడతలు పెడితే సూదులు విరగడం తప్ప పని కావడంలేదు.

పేరు రాయించుకుందామని పోయాను. అక్కడ ఇన్‌ఛార్జి ఒక అమ్మాయి, మా పెద్దదానికంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. "ముందు మెషిన్ మీద చేసి చూపించాలక్కా, అప్పుడే కార్డు" అంది. నాకు మండింది. ఈ పిల్ల పుట్టక ముందు కాకపోయినా, బడికి పోయేనాటికే నేను కుడుతున్నా. సరే చూపిస్తా అని కూర్చున్నాను.

పెడల్ మీద కాలు పెట్టానో లేదో బుర్రుమని గుడ్డ చేతుల్లోంచి అటు జారిపోయింది. కాలు తీసేలోపల జానెడు కుట్టు పడింది. నా ఎడమ చూపుడువేలు సూదికి అంగుళం దూరంలో ఉంది. ఆ పిల్ల అరవలేదు, నవ్వలేదు. చెయ్యి చాపి స్విచ్ ఆపింది. "వచ్చే సోమవారం రండక్కా" అని ఒక కాగితం ఇచ్చింది. దాంట్లో ఏమేం చూపించాలో రాసుంది కానీ సగం నాకు అర్థం కాలేదు. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తెలిసినవాళ్లు చెప్పండి. అసలు ఏం చూస్తారు? ఇంట్లో నల్ల మెషిన్ మీద ప్రాక్టీసు చేస్తే పనికొస్తుందా? ఇంకోటి, గాజులు తీసి రమ్మంది. మట్టి గాజులే, మా అత్త వింటే ఊరుకోదు. తీయాల్సిందేనా?

రేణిగుంట రోడ్డు

ఇదంతా పెత్తనం అక్కా. పంతొమ్మిదేళ్లు కుట్టినామెకు పరీక్ష ఏంది? విశ్వకర్మ పథకంలో దర్జీలకు ఐదారు రోజులు నేర్పించి సర్టిఫికెట్ ఇస్తున్నారు, పనిముట్లకు 15,000 కూడా ఇస్తున్నారు. అది తెచ్చి వాళ్ల ముందు పెట్టండి. ఇంక నోరెత్తరు.

పాత లైన్ మెకానిక్, పుత్తూరు

అమ్మా, తిరుప్పూరులోనూ చెన్నై చుట్టుపక్కలా ఎగుమతి బట్టల కంపెనీల్లో 27 ఏళ్లు మెషిన్లు బాగుచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాను. మీ కోపం న్యాయమే. ఆ పిల్ల చేసిన పనీ న్యాయమే. అరవకుండా ముందు స్విచ్ దగ్గరికి చెయ్యి పోయిందంటే ఆమెకు ఎవరో బాగా నేర్పారు.

మీ కుట్టు చూడరు. చూసినా చివర్లో ఒక నిమిషం. మీ కాలు చూస్తారు. చేతులు సూది దగ్గరికి పోయినప్పుడల్లా కాలు ఎక్కడుందో చూస్తారు. నేనూ కొత్తవాళ్లను అలాగే చూసేవాణ్ణి. "సూది మార్చమ్మా" అనేవాణ్ణి, అంతే. చాలామంది సూదిని చక్కగా మార్చేవాళ్లు, స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉండేది. అక్కడితో లేవమనేవాణ్ణి.

జూకీలో డీడీఎల్ 8700 అని ఎక్కడ చూసినా కనిపించే మోడల్ ఒకటుంది. దాని గరిష్ఠ వేగం నిమిషానికి 5,500 కుట్లు. సెకనుకు తొంభై పైన. మీరు "అబ్బా" అనేలోపల సూది తొంభైసార్లు దిగి లేస్తుంది. అందుకే జానెడు పోయింది. మీరు పంతొమ్మిదేళ్లు తొక్కిన మెషిన్ మీ కాలికి ఏం నేర్పిందంటే, బలంగా తొక్కితేనే కదులుతుందని. ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచుతుంది. కొత్తగా వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లకు ఈ బాధ లేదు, మీకుంది. మీకు చేతకాక కాదు, కాలు పాత పాఠం మరవాలి.

షెడ్డులో మోటారు ఏదో ముందు కనుక్కోండి. స్విచ్ వేయగానే ఆగకుండా గుయ్‌మని మోగుతూ ఉంటే అది క్లచ్ మోటారు. మీరు తొక్కినా తొక్కకపోయినా అది లోపల తిరుగుతూనే ఉంటుంది. స్విచ్ ఆపాక కూడా వెంటనే చావదు, కొంతసేపు తిరుగుతుంది. ఆ తిరుగుడులో పెడల్‌కు కాలు తగిలితే సూది దిగుతుంది. కాబట్టి స్విచ్ ఆపండి, చేతులు ఒళ్లో పెట్టుకోండి, సద్దు పూర్తిగా పోనివ్వండి, ఒకసారి పెడల్ నొక్కి కదలడంలేదని చూసుకోండి. ఆ తర్వాతే సూదిని ముట్టుకోండి. సర్వో మోటారైతే తొక్కినప్పుడే తిరుగుతుంది, ఆగి ఉన్నప్పుడు సద్దే ఉండదు. ఆన్‌లో ఉందో లేదో చెవికి తెలీదు, లైటు చూడాల్సిందే. నాకు క్లచ్ కంటే సర్వో అంటేనే జాస్తి భయం. ఒక మేలు ఏమంటే దాంట్లో వేగాన్ని తగ్గించి పెట్టుకోవచ్చు. సోమవారం మొదట ఆ పనే అడగండి, "వేగం తగ్గించి పెట్టుకుంటానమ్మా" అని. అలా అడిగినందుకే సగం పాస్ చేస్తారు.

మీ ఇంటి సూదికి పైన ఒక పక్క చదునుగా ఉంటుంది కదా, ఎటు పెట్టాలో చూడగానే తెలుస్తుంది. జూకీ సూది అలా కాదు. డీబీ వన్ అంటారు, పైభాగం గుండ్రంగా ఉంటుంది, ఎటు తిప్పినా లోపలికి పోతుంది. దాని ఒంటి మీద పొడుగ్గా ఒక గాడి ఉంటుంది. గోటితో గీరితే తెలుస్తుంది. ఆ గాడి మీ ఎడమచేతి వైపుకి ఉండాలి, దారం ఎడమ నుంచి కుడికి ఎక్కించాలి. గాడి పక్కకు తిరిగుంటే కుట్లు దాటేస్తుంది, దారం తెగుతుంది, ఒక్కోసారి సూది కింద దారం పట్టే హుక్కుకు కొట్టుకుని ముక్క ఎగురుతుంది. కళ్లద్దాలుంటే పెట్టుకుని పోండి.

ఇంక ఉమ్మడి షెడ్డు సంగతి. ఇంట్లో మెషిన్ మీద మీరొక్కరే. అక్కడ మీకు ముందు ఎవరో కూర్చుని పోయుంటారు, ఏం చేసి పోయారో మీకు తెలీదు. ఒకచోట నా కళ్లారా చూశాను. సూది ముందు వేలికి అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది, ఫింగర్ గార్డ్. లేసు కుట్టడానికి అడ్డమొస్తోందని ఎవరో దాన్ని దారంతో పైకి కట్టేశారు. మధ్యాహ్నం ఇంకో అమ్మాయి వచ్చి అదే మెషిన్ మీద కూర్చుంది. కమ్మీ లేదనే సంగతే ఆమె చూసుకోలేదు. గోరు పోయింది. కట్టినవాళ్లు ఆ టైముకు క్యాంటీన్లో భోజనం చేస్తున్నారు. అందుకని కూర్చోగానే స్విచ్ వేయకముందే కమ్మీ ఉందా, బెల్టు మీద మూత ఉందా చూడండి. చక్రాన్ని చేత్తో మీ వైపుకి ఒక చుట్టు తిప్పండి, ఎక్కడా పట్టకుండా తిరగాలి. లేచేటప్పుడు స్విచ్ ఆపి, చిన్న గుడ్డముక్క మీద సూది దించి, గుడ్డను నొక్కిపట్టే ఫుట్ వాల్చి రండి.

కరెంటు పోతే ఏం చేస్తారు అని కూడా అడగొచ్చు. మామూలుగా అందరూ చేతులు దులుపుకుని కబుర్లు మొదలుపెడతారు. పోయినప్పుడు స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, అది గుర్తుండదు. తిరిగొచ్చేసరికి ఒకరు కింది దారం ఉండే బాబిన్ తీస్తుంటారు, ఒకరి కాలు పెడల్ మీదే ఉంటుంది. కరెంటు పోగానే ఎవరి స్విచ్ వాళ్లు ఆపాలి.

గాజుల గురించి ఆడవాళ్లే చెప్తే బాగుంటుంది. చున్నీ, కొంగు మాత్రం గట్టిగా దోపుకోండి, జడను ముందుకు వేలాడనివ్వకండి. తిరిగే మెషిన్ దగ్గర బిగుతు బట్టలు ఉండాలనే మాట 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. కొత్తగా ఎవరో పెట్టిన పెత్తనం కాదు.

సూది దారం

అక్కా, నేను ఐటీఐలో సీవింగ్ టెక్నాలజీ ఏడాది కోర్సు చేశాను. సర్టిఫికెట్ గురించి పైన ఒకాయన రాశారు కాబట్టి నా సంగతి చెప్తా. సర్టిఫికెట్ చేతిలో పెట్టుకునే ఇలాంటిచోట మొదటిసారి ఫెయిలయ్యాను. మా ఐటీఐలో అన్నీ క్లచ్ మోటార్లు. అక్కడివి సర్వో. సద్దు లేదు కదా ఆఫ్‌లో ఉందనుకుని బాబిన్ కేసు తీయడానికి చెయ్యి కింద పెట్టాను, పాదం పెడల్ మీదే ఉంది. ఏమీ కాలేదు. కానీ పరీక్ష పెట్టినాయన చూశాడు. కోర్సు చేశామని సర్టిఫికెట్ చెప్తుందే కానీ ఆ మెషిన్ మనకు తెలుసని చెప్పదు కదా.

ఇంట్లో ఎలా ప్రాక్టీసు చేయాలో చెప్తా. గీతల నోటుబుక్కులో కాగితం చింపి, సూదిలో దారం లేకుండా, బాబిన్ తీసేసి గీత మీద కుట్టండి. మమ్మల్ని మొదటి వారమంతా ఇదే చేయించారు. రంధ్రాలు గీత మీద పడ్డాయో పక్కకు పోయాయో ఎదురుగా కనిపిస్తుంది, గుడ్డ మీద అయితే లాగి సర్దేస్తాం. నేరుగా వచ్చాక చతురస్రం గీయండి. మూలకు వచ్చి సూది కాగితంలో ఉండగానే ఆపాలి, ఫుట్ ఎత్తి తిప్పాలి, మళ్లీ దించాలి. తర్వాత నత్త గుల్లలాగా చుట్లు. పాత సూది పెట్టుకోండి, కాగితానికి మొన అరిగిపోతుంది.

వేగం మాత్రం ఇంట్లో రాదు. దానికి సోమవారం కంటే ముందు ఒక అరగంట షెడ్డులో అడగండి, మోటారు ఆపేసిన మెషిన్ మీద కూర్చుని మోకాలి లిఫ్టర్ అలవాటు చేసుకోండి. కుడి మోకాలు పక్కకు నొక్కితే ఫుట్ లేస్తుంది. నల్ల మెషిన్ మీద చెయ్యి వెనక్కి పోయి లివర్ ఎత్తుతుంది చూడండి, మీ చెయ్యి అలవాటుగా అక్కడికే పోతుంది.

గాజులు తీసేయండక్కా. మట్టి గాజు పగిలితే పెంకు గుడ్డలోకి పోతుంది, దారం లాగే లివరుకు తగిలినా తగులుతుంది. మా అమ్మ కూడా ఊరుకోలేదు. టిఫిన్ డబ్బా మూతలో పెట్టుకుని, పని అయ్యాక అక్కడే వేసుకుని ఇంటికొచ్చేదాన్ని. అమ్మకు ఇప్పటికీ తెలీదు.

గ్రీమ్స్‌పేట ప్యాంటు షర్టు

చిత్తూరులో నాది జెంట్స్ టైలరింగ్. ఇలాంటివి చదివితే నా ఎడమ చూపుడువేలు గుర్తొస్తుంది.

పండగ ముందు రాత్రి పదకొండు దాటింది. ప్యాంటు జిప్పు కుడుతున్నా. ఫోన్ మోగింది, తల తిప్పాను, కాలు తిప్పలేదు. సూది గోరు మీదుగా దిగి విరిగింది. నేను చేసిన తెలివితక్కువ పని ఏమంటే చక్రం తిప్పి వేలు బయటికి తీసుకుని, పైన కనిపించే ముక్కను పట్టకారుతో లాగి, పసుపు అద్ది మిగిలిన రెండు ప్యాంట్లు కుట్టాను. నాలుగో రోజుకు వేలు వంకాయలా ఉబ్బింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే మొన లోపలే ఉంది. చిన్న ఆపరేషన్, పదిహేను రోజులు పని లేదు. ఇప్పటికీ చలికాలంలో ఆ వేలికి బొత్తాం పట్టు దొరకదు.

ఇట్లాంటిది జరిగితే ముందు మెషిన్ ఆపాలి. మోటారుతో బయటికి తీయాలని చూడకూడదు. లోపల ఇరుక్కున్న ముక్కను మనం లాగకూడదు. గుడ్డ చుట్టి నేరుగా ఆసుపత్రికి పోవాలి, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవాలి, ఎక్స్‌రే అడగాలి. విరిగిన ముక్కలన్నీ ఏరి పక్కపక్కన పెట్టి చూస్తే మొత్తం సూది వచ్చిందా, ఏమైనా తక్కువైందా తెలుస్తుంది. పెద్ద కంపెనీల్లో విరిగిన ముక్కలను రిజిస్టరులో టేపుతో అంటించాకే కొత్త సూది ఇస్తారు. అది సూది ధర కోసం అనుకునేవాణ్ణి నేను. కాదు, ఆ ముక్క చొక్కా మడతలో ఉండిపోతే చంటిపిల్లాడికి గుచ్చుకుంటుంది.

రేణిగుంట రోడ్డు

సరే, నేను తొందరపడ్డాను. అయినా ముప్పై రూపాయల షెడ్డు వాళ్లు ఇవన్నీ నిజంగా చూస్తారంటారా? సంతకం పెట్టించుకుని వదిలేస్తారు.

పాత లైన్ మెకానిక్, పుత్తూరు

వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఈ పిల్ల ఆ రకం కాదనిపిస్తోంది.

కొర్లగుంట రవికలక్క (ఆరు రోజుల తర్వాత, సోమవారం రాత్రి)

అందరికీ చాలా థ్యాంక్స్. మా చిన్నవాడి లెక్కల నోటుబుక్కు ఒకటి పూర్తిగా చిల్లులు పడింది. వాడు బడిలో ఏం చెప్పుకున్నాడో తెలీదు.

ఇవాళ పోయొచ్చాను. గాజులకు నేనే ఒక ఉపాయం చేశాను. లోదుస్తులకు వాడే ఎలాస్టిక్‌తో మోచేతి దాకా బిగుతుగా ఒక తొడుగు కుట్టుకుని గాజుల మీద వేసుకుపోయాను. ఆ పిల్ల చూసి, "కుట్టు భలే ఉందక్కా" అని నవ్వి, తీసేయమంది. టిఫిన్ డబ్బానే గతి అయింది.

అన్న చెప్పినట్టే మోటారు ఏదో ముందు కనుక్కున్నాను, సర్వో. వేగం తగ్గించి పెట్టుకుంటానన్నాను. ఆమె తలెత్తి చూసింది, ఏమీ అనలేదు. కమ్మీ చూశాను, బెల్టు మూత చూశాను, చక్రం తిప్పాను. సూది విప్పి మళ్లీ పెట్టమంది. గోటితో గాడి వెతుక్కుంటుంటే నా చెయ్యి వణికింది, నిజం చెప్తున్నా. స్విచ్ ఆపాను, లైటు పోయిందాకా చూశాను, ఒకసారి పెడల్ నొక్కాను, తర్వాత కాలు పక్కకు తీసి నేల మీద పెట్టుకున్నాను. ఇన్నేళ్లలో మెషిన్ ముందు కూర్చుని కాలు నేల మీద పెట్టింది ఇదే మొదటిసారేమో. కాలు ఖాళీగా ఉంటే ఏదో పోగొట్టుకున్నట్టుంది.

తర్వాత కాగితం మీద చతురస్రం. మూడు మూలలు బాగా వచ్చాయి. నాలుగో మూల దగ్గర రెండు కుట్లు దాటిపోయాయి. నేనే ఆపి, "దాటింది" అన్నాను. ఆమె నా కాగితంలో ఏదో రాసుకుంది. ఫెయిలనుకున్నా. తర్వాత కాన్వాసు నాలుగు మడతలు ఇచ్చింది. సూది 18 నంబరు కావాలని నేనే అడిగాను, దాంట్లో 14 ఉంది.

మధ్యలో కరెంటు నిజంగానే పోయింది. ఆమె పోగొట్టింది కాదు, మామూలుగా పోయేదే. నేను స్విచ్ ఆపాను. నా పక్క మెషిన్ మీద కుడుతున్న ఆమె, ఆర్నెల్లుగా అక్కడే కుడుతోందంట, ఆపలేదు. ఇన్‌ఛార్జి పిల్ల నా దగ్గర నుంచి లేచి పోయి ఆమె స్విచ్ ఆపి వచ్చింది. కరెంటు వచ్చిందాకా ముగ్గురం చీకట్లో కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు.

కార్డు ఇచ్చారు. దాని మీద "సింగిల్ నీడిల్ మాత్రమే" అని రాసుంది. పెద్ద మెషిన్‌కు, ఓవర్‌లాక్‌కు వేరేగా చూపించాలంట. సంచులకు లోపల అంచులు ఓవర్‌లాక్ చేయకపోతే పోగులు లేస్తాయి కాబట్టి బుధవారానికి పేరు రాయించాను. దాంట్లో సూది పక్కనే గుడ్డను కోసే కత్తి ఉంటుందంట కదా, మూడు దారాలంట. సూది దారం చెల్లీ, ఐటీఐలో ఓవర్‌లాక్ కూడా నేర్పి ఉంటారు కదా. దాంట్లో ఏ దారం ముందు ఎక్కించాలి? వేళ్లు ఎక్కడ పెట్టాలి? రేపు పొద్దునలోపల చెప్తే నోట్సు రాసుకుంటాను, వాడి సైన్సు నోటుబుక్కు ఇంకా మిగిలుంది.